చాకుకు తప్ప అన్నిటికీ రెండు పేర్లు

బదిలీ మీద ఖానాపూర్ వచ్చిన మొదటి రోజే ఒకావిడ నన్ను "పేరు తింటవా?" అని అడిగింది.

ఖానాపూర్‌కు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో మా బడి. టీచర్లం ఆవిడా నేనూ ఇద్దరమే. ఆమె నాకంటే పదిహేనేళ్లు పెద్దది. పుట్టింది ఆదిలాబాద్‌లో; ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. బడి వరండాలో కుర్చీ వేసుకుని నా జాయినింగ్ కాగితం చదివి, పక్కన పెట్టి, ఆ ప్రశ్న వేసింది. నాకు ఏమీ అర్థం కాక నా పేరు చెప్పాను. ఆమె పడీపడీ నవ్వింది.

"నీ పేరు కాదు చెల్లె. పేరు!" అంటూ సంచిలోంచి రెండు జామపండ్లు తీసి చూపించింది.

"గివి జాంపండ్లు గద మేడం."

"మా దిక్కు పేరే. మరాఠీల గట్లనే అంటరు. కోసెటందుకు ఏమన్న ఉన్నదా నీ దగ్గర?"

హ్యాండ్‌బ్యాగులోంచి మడత చాకు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అరే, చాకు! పంతులమ్మ బ్యాగుల చాకు ఎందుకే?" అంది. మరాఠీలోనూ దాన్ని చాకు అనే అంటారట. ఆ తరువాత రెండేళ్లు మేమిద్దరం కలిసి తిన్న వస్తువుల్లో దేనికీ ఒకే పేరు దొరకలేదు. కోసిన చాకు దగ్గర మాత్రం తగాదా రాలేదు.

ఆ చాకు మా బాపుది. మాది హుజూరాబాద్ దగ్గరి నేతపని ఇల్లు. బాపు ముప్పై ఏళ్లు ఒకరి షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. పోగు తెగినా, ముడి పడినా జేబులోంచి చాకు తీసేవాడు. చెక్క పిడి ఆయన బొటనవేలు ఆనేచోట గుంట పడింది. నూరీ నూరీ బ్లేడు సగానికి సగం అరిగిపోయింది. చిన్నప్పుడు అన్నం తీసుకుని షెడ్డుకు పోతే, ఆ మోతలోనే నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేవాడు: "చిక్కుల చాకు పెట్టేటప్పుడు పదును పైకి ఉండాలె బిడ్డా. ఎందుకంటె కింద మంచి పోగులుంటయి." మోకాళ్లు పట్టేసి షెడ్డు మానేసిన ఏడాదే నాకు ఖానాపూర్ బదిలీ వచ్చింది. బస్సుల్లో తిరిగేదానివి, పండో కాయో కోసుకుంటావని నా చేతిలో పెట్టాడు.

నా తిరుగుడు అట్లా ఉండేది మరి. భర్త, బిడ్డ కరీంనగర్‌లో. ఆయనకు అక్కడ గ్రానైట్ కంపెనీలో ఉద్యోగం, బిడ్డ పదో తరగతి. సోమవారం తెల్లవారుతూనే బస్సెక్కి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, అక్కడ బస్సు మారి గోదావరి దాటి ఖానాపూర్. శనివారం సాయంత్రం అదే దారి వెనక్కి. వారం మధ్యలో అద్దె గదిలో ఉంటే బిడ్డ తిన్నదో లేదో అన్న ఫికర్. ఆదివారం ఇంట్లో ఉంటే సోమవారం బస్సు ఫికర్. ఎక్కడున్నా ఇంకోచోటికి ఆలస్యమవుతున్నట్టే ఉండేది. బస్సులో కూర్చుని బ్యాగులో చేయి పెట్టి, చూడకుండానే చాకు తెరవడం, మూయడం, తెరవడం, మూయడం. పక్క సీటు మనిషి ఆ టక్ టక్ చప్పుడు ఎక్కడిదా అని కాళ్ల దగ్గర వెతుక్కునేది. వేలు కోసుకున్న రోజులూ ఉన్నాయి. అయినా మానలేకపోయాను.

ఆమె ఇల్లూ ఖానాపూర్‌లోనే. బడికి నా స్కూటీ మీదే వెళ్లేవాళ్లం. నేను నడిపేదాన్ని, ఆమె వెనక ఒక పక్కకు కూర్చునేది. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మా మాటలు తిండి గురించే. వారం రోజుల్లో మేడం పోయి అక్కా వచ్చింది.

ఒక సోమవారం మా అవ్వ చేసి పంపిన సర్వపిండి తీసుకుపోయాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి, ఉల్లాకు కలిపి, గుండ్రటి గిన్నె లోపల చేత్తో ఒత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి కాలుస్తారు. మధ్యాహ్నం నాలుగు ముక్కలుగా కోసి ఆమె ముందు పెట్టాను. ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"ధపాటే మస్తున్నది," అంది.

"ధపాటే ఏంది అక్కా? గిది సర్వపిండి."

"మా ఆయి జొన్నపిండితోని ఒత్తి పెంక మీద కాల్చేది. గదే గిది. మీకు పెంక దొరకలే, గిన్నెల పెట్టుకున్నరు. పేరు మార్చంగనే వంట మారుతదా?"

"జొన్నపిండి ఒత్తి పెంక మీద ఏస్తె రొట్టె అయితది. సర్వపిండి ఎట్లయితది?"

"తిననీయవా నన్ను?" అంటూ రెండో ముక్క తీసుకుంది. మూడోది కూడా ఆమే తిన్నది. మర్నాడు నాకోసం ధపాటే చేసుకొచ్చింది. రుచి అద్భుతంగా ఉంది. నేను మాత్రం "రొట్టె బాగున్నది అక్కా" అన్నాను. రోజంతా నాతో పెడమొహం పెట్టి, బడి వదిలాక బండెక్కుతూ నా వీపు మీద ఒక్కటి చరిచింది.

మిరపకాయ తొక్కు పెడితే ఆమె ఠేచా అనేది. పండగకు పోలెలు, అంటే బొబ్బట్లు, తెస్తే పురణ్ పోళీ అని సరిదిద్దేది. నా లోపలి గాభరా ఆ పోట్లాటలప్పుడు ఒక్కటే కాస్త అణిగేది. అయితే శనివారాలు నేను ఆమెను బండి మీద ఎంత వేగంగా బస్సు దగ్గరికి లాక్కుపోయేదాన్నో, దాని గురించి ఆమె ఎప్పుడూ పోట్లాడలేదు. "జర నిమ్మళంగ పోనియ్యి" అని ఒకటి రెండుసార్లు అంది, అంతే.

రెండో ఏడు వానాకాలంలో ఒక శుక్రవారం జామపండు కోస్తుంటే చాకు దిగలేదు. "గిది మొండిగైంది. మీ బాపు చూస్తె ఏమనుకుంటడు? నేను నూరి తెస్త," అని ఇంటికి పట్టుకుపోయింది. శనివారం తెచ్చింది. మధ్యాహ్నం పండ్లు కోసుకుని తిన్నాం. చాకు తుడిచి, కాగితంలో మిగిలిన పండుతో పాటు చుట్టి, అలవాటుగా తన సంచిలోనే వేసుకుంది. నేనూ గమనించలేదు.

అంతకు ముందు శనివారం వానకు బస్సులు లేక నేను కరీంనగర్ పోలేదు. రెండు వారాలైంది బిడ్డను చూసి. ఫోను చేస్తే పొడిపొడిగా మాట్లాడుతోంది. ఖానాపూర్‌లో ఐదింటికి మెట్‌పల్లి బస్సు. మేము బడికి తాళం వేసేసరికే నాలుగున్నర దాటింది. ఒక పిల్లను తీసుకుపోవడానికి వాళ్ల అమ్మ రావడం ఆలస్యమైంది. నేను బండి స్టార్టు చేసి కూర్చున్నాను. ముసురు గాలి. ఆమె తలకు, మెడకు పొడుగాటి స్కార్ఫ్ చుట్టుకుంటూ, "ఒక్క నిమిషం ఆగు చెల్లె, ముడి ఏస్కుంట," అంది.

"ఎక్కు అక్కా, తొవ్వల ఏస్కోవచ్చు. బస్సు పోతది."

ఆమె ఎక్కింది.

రెండు కిలోమీటర్లు వచ్చామో లేదో, వెనక నుంచి ఎవరో నా బండిని పట్టి గుంజినట్టయింది. ఆమె చేయి నా భుజం మీది నుంచి జారిపోయింది. బ్రేకు వేసి వెనక్కి తిరిగేసరికి సీటు మీద ఆమె లేదు.

రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంది. తల బండి వెనక చక్రానికి జానెడు దూరంలో. విడిగా వేలాడిన స్కార్ఫ్ కొస చక్రంలోకి పోయి, ఇరుసుకు చుట్టుకుని, మిగతా గుడ్డనంతా లోపలికి లాగేసింది. మెడ చుట్టూ ఉన్న మడత తాడులా బిగిసిపోయింది. మొహం ఎర్రబడుతోంది. గొంతులోంచి చప్పుడు రావడం లేదు.

నేను ముందు వేళ్లతో లాగాను. నా గోళ్లు కూడా దూరలేదు. చక్రం వెనక్కి తిప్పబోతే ఆమె తల కూడా కదిలింది, వదిలేశాను. అప్పుడు చాకు గుర్తొచ్చింది. నా బ్యాగు రోడ్డు మీద బోర్లించాను. సుద్దముక్కలు, బస్సు పాసు, మాత్రలు, తాళాలు. చాకు లేదు. మళ్లీ వెతికాను. లేదు.

ఆమె చేయి నేలను కొడుతోంది. తరువాత ఆ చేయి పైకి లేచి, బండి ముందు కొక్కేనికి తగిలించిన తన సంచి వైపు చూపించింది. నేను పరుగెత్తి సంచిలోంచి నీళ్ల సీసా తీశాను. నీళ్లు అడుగుతోందనుకున్నాను! మూత తిప్పుతూ ఆమె దగ్గరికి వచ్చాను. ఆమె నా కళ్లలోకి చూసి తల అడ్డంగా ఊపబోయింది. మెడ కదలలేదు, కళ్లు మాత్రం అటూ ఇటూ తిరిగాయి. అప్పుడు తట్టింది నాకు. సంచిని నేల మీద దులిపితే కాగితం విప్పుకుని సగం జామపండు, చాకు బయటపడ్డాయి.

మెడ దగ్గర చాకు పెట్టాలి. ఆ క్షణంలో నా బుర్రలో ఆలోచన ఏదీ లేదు, షెడ్డు మోత తప్ప. చాకును బల్లపరుపుగా గుడ్డ కిందికి, చెవి వెనక కాస్త సందున్న చోట దూర్చాను. పదును పైకి తిప్పాను. ఎత్తి లాగాను. నిన్ననే నూరిన చాకు. గుడ్డ ఒక్కసారిగా రెండయింది.

ఆమె ఊపిరి పీల్చిన చప్పుడు నేను వర్ణించలేను. పక్క పత్తి చేనులో కలుపు తీస్తున్న ఒక ముసలవ్వ పరుగెత్తుకొచ్చి ఆమె తల తన ఒళ్లో పెట్టుకుంది. "లే బిడ్డా, లే, ఊపిరి మంచిగ తీస్కో," అంటూ ఛాతీ రాసింది. నేను మాత్రం తెరిచిన చాకు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "నువ్వు గది మలువు ముందుగాల," అని ఆ అవ్వే అరిచింది. మడిచాను. అక్క చెవి వెనక చిన్న గీత పడి నెత్తురు కారుతోంది. ఎక్కడో నా చేయి తప్పింది.

అటుగా వచ్చిన ఆటోలో ఖానాపూర్ ఆసుపత్రికి తీసుకుపోయాను. మర్నాడు నిర్మల్ పంపి స్కానింగు చేయించారు. ఎముకకు ఏమీ కాలేదు. గొంతు లోపల వాచింది. రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడవద్దని డాక్టరు చెప్పాడు.

ఆ శనివారం రాత్రే ఫోనులో బాపుకు చెప్పాను. ఆయన మొదట ఆమె ఎట్లున్నదని అడిగాడు. తరువాత, "పదును పైకే పెట్టినవా?" అన్నాడు.

"పెట్టిన బాపు."

"మంచి పని చేసినవ్ బిడ్డా."

ఆ మెచ్చుకోలు నేను భరించలేకపోయాను. ఆమె ఒక్క నిమిషం ఆగమన్నదని, నేనే ఆగలేదని ఆయనకు చెప్పలేదు. నా భర్తకూ చెప్పలేదు. ఊరంతా నేను ఆమె ప్రాణం కాపాడానంటున్నారు. బడికి వచ్చిన తల్లులు నా చేతులు పట్టుకుంటున్నారు. ఆ నిమిషం సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, అందులో ఒకరికి మాట లేదు.

రోజూ సాయంత్రం ఆమె ఇంటికి పోయేదాన్ని. గట్టి తిండి మింగలేదు కాబట్టి జొన్న అంబలి కాచి తీసుకుపోయేదాన్ని. ఆమె భర్త, రిటైరయిన మనిషి, తలుపు తీసి "రా బేటీ" అని లోపలికి పిలిచి, నా ముందు కుర్చీ వేసి, మళ్లీ నన్ను పొగడడం మొదలుపెట్టేవాడు. ఆమె మంచం మీద కూర్చుని వినేది. బడి నుంచి తెప్పించుకున్న పలక ఒళ్లో ఉండేది. ఆమె బలపం చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నేను కుర్చీ అంచుకు జరిగేదాన్ని. ఇప్పుడు రాస్తుంది. ఆయన ముందే రాస్తుంది. మొదటిరోజు బలపం తీసుకుని చాలాసేపు రాసి పలక నావైపు తిప్పింది. "దీన్ని ఆంబిల్ అంటరు" అని ఉంది. ఆయన గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వబోయి, వంటింట్లోకి పోయి నీళ్లు తాగి వచ్చాను.

అలా రెండు వారాలు. ఏ రోజూ ఆ విషయం రాయలేదు. అసలు గుర్తుందా, పడిపోయినప్పుడు మరిచిపోయిందా? గుర్తుంటే ఎందుకు రాయదు? గదిలో ఒక్కదాన్నే ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేదాన్ని. స్కూటీ ముట్టుకోలేదు, ఆటోలో బడికి పోయాను. చాకును బీరువాలో చీరల కింద పెట్టాను. బస్సులో ఖాళీ చేతులను ఏం చేయాలో తెలిసేది కాదు. కరీంనగర్‌లో నా బిడ్డ పదిసార్లు అడిగింది, "ఏమైందమ్మా, ఒక్క దగ్గర కూసోవేంది?" అని.

డాక్టరు మాట్లాడవచ్చన్న రోజు నేను పోకుండా ఉండాలనుకున్నాను. కాళ్లు ఆగలేదు, పోయాను. ఆయన మందుల షాపుకు వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే. ఆమె గొంతు ఎవరిదో గొంతులా బొంగురుగా ఉంది.

"కూసో," అంది.

నేను నిలబడే ఉన్నాను. "అక్కా, ఆ దినం నువ్వు ఆగుమన్నవ్. నేను ఆగలే."

"నాకు యాదికున్నది."

"మరి ఎందుకు రాయలే పలక మీద?"

ఆమె కాసేపు గొంతు సవరించుకుంది. "కోపం వచ్చింది నాకు. పది దినాలు మస్తు కోపం ఉండె. నువ్వు అంబలి తెచ్చినప్పుడల్ల మొఖాన పోద్దామనిపిచ్చింది. పలక మీద కోపం ఎంత రాస్తమే? నాలుగు అక్షరాలు పట్టయి దాని మీద. నోరు వచ్చినంక తిడుదామని ఆగిన."

"తిట్టు అక్కా."

"ఇప్పుడు తిడితె గొంతు నొస్తది," అంది. అని, నిజంగానే తిట్టింది. మొదట తెలుగులో, తరువాత మరాఠీలో, మధ్యమధ్య నీళ్లు తాగుతూ. "నీ బిడ్డ నీకెంతనో నా పానం నాకంత. బస్సు ఇంకోటి వస్తది. నేను ఇంకోదాన్ని వస్తనా?" అని అడిగింది. ఏడుస్తూ నిలబడ్డాను. ఆమె కూడా ఏడ్చింది. ఆయన తిరిగి వచ్చేసరికి ఇద్దరం మొహాలు కడుక్కుని కూర్చున్నాం. ఆయనకు ఆమె ఏమీ చెప్పలేదు. నేనే చెప్పాను, ఆమె వద్దని చేయి పట్టుకున్నా సరే. ఆయన కుర్చీలోంచి లేచి, మందులు అలమారలో ఒక్కొక్కటే సర్దుకుంటూ, "చెప్పినవ్, మంచిది," అన్నాడు. ఆ రోజు తరువాత నన్ను బేటీ అని పిలవడానికి ఆయనకు చాలా నెలలు పట్టింది. అది న్యాయమే.

ఆమె బడికి తిరిగి వచ్చింది గానీ, నా బండి ఎక్కలేదు. ఇద్దరం ఒకే ఆటోలో పోయేవాళ్లం. దీపావళి సెలవుల తరువాత ఒక ఉదయం తనే, "బండి తియ్యి, ఆటోల నడుము విరుగుతున్నది," అంది. ఎక్కేముందు కొంగు నడుములో దోపుకుని, పిన్ను పెట్టుకుని, ఆ పిన్ను తీసి మళ్లీ పెట్టుకుని, ఎంతసేపు చేసిందో! నేను బండి స్టార్టు చేయకుండా తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. దారంతా ఆమె కుడిచేయి నా భుజాన్ని నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకునే ఉంది. తిండి మాటలు ఆ రోజు రాలేదు. అవి మళ్లీ రావడానికి ఇంకో నెల పట్టింది.

తరువాతి ఎండాకాలంలో నాకు బదిలీ వచ్చింది. ఇప్పుడు కరీంనగర్ నుంచి హుజూరాబాద్ దారిలో ఒక బడికి రోజూ పోయి వస్తాను. ఆమె రిటైరై ఆదిలాబాద్ వెళ్లిపోయింది. ఫోను చేస్తుంటుంది. గొంతు పూర్తిగా పాతదారికి రాలేదు. దూరం తగ్గితే నా గాభరా పోతుందనుకున్నాను. ఇంటి నుంచి బడి ముప్పావు గంటే అయినా, ఆగిన బస్సులో నా పాదం ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది.

దానికి తోడు ఇంకో అలవాటు వచ్చింది. రోడ్డు మీద పోయే ప్రతి బండి వెనక చక్రాన్ని చూస్తాను. మొన్న నేను ఆటోలో పోతుంటే కరీంనగర్ బస్టాండు దగ్గర ఎర్ర లైటు పడి బండ్లన్నీ ఆగాయి. ఒక బైకు మీద వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ కొస చక్రం మీద ఆడుతోంది. ఆటోలోంచి దూకి బండ్ల మధ్యగా పరుగెత్తాను. "చెల్లె, చున్నీ! చున్నీ లోపటికి తీస్కో!"

ఆ అమ్మాయి ఉలిక్కిపడి చున్నీ గుంజుకుని ఒళ్లో ముడి వేసుకుంది. బండి నడిపే అతను చిరాగ్గా వెనక్కి చూసి, "ఏంది మేడం, గట్ల మీదికొస్తరా? జర మెల్లగ చెప్పరాదా?" అన్నాడు.

ఏదో చెప్పబోయాను. సిగ్నల్ పడింది. వెనక బస్సు హారను మోగించింది. వాళ్లు వెళ్లిపోయారు. నేను ఎక్కి వచ్చిన ఆటో ఏదో గుర్తుపట్టలేక, రోడ్డు మధ్యలో నిలబడి ఒక్కో డ్రైవరు మొహమే చూస్తున్నాను.